ఎర్ర పెట్టెలు

“బొమ్మ రైలే కదా, ఏదో ఒకటి కొనిపడెయ్. దానికింత పరిశోధనా?” అన్నారు మా ఆయన, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన చొక్కాయే. కాలరు తిరగేసి ఇస్త్రీ పెట్టె నొక్కాను. చెక్క రైలు అన్న మాట మా ఇంట్లోకి తెచ్చింది నేను కాదు. ఆయన ఆఫీసులో ఎవరో అన్నారట, రెండేళ్ళ పిల్లలకి ప్లాస్టిక్ బొమ్మలు దండగ, చెక్క రైలయితే వేళ్ళకి పని, బుర్రకి పదును అని. ఆ మాట పట్టుకొచ్చి, భోజనాల బల్ల మీద నా ముందు పెట్టి, “మనవాడికీ ఒకటి తెప్పించు” అని చెయ్యి కడుక్కుని లేచిపోయారు. మా ఇంట్లో ఆలోచనలన్నీ అలాగే వస్తాయి. ఆయన నోట్లో పుడతాయి, నా చేతుల్లో పెరుగుతాయి. బాగా పెరిగితే ఆయన పోలిక. పాడైతే నా పెంపకం.

నేనొక కళ్ళద్దాల షాపులో కంటి పరీక్షలు చేస్తాను. చీకటి గదిలో మనిషిని కూర్చోబెట్టి, ఖాళీ ఫ్రేములో ఒక్కొక్క అద్దమే మారుస్తూ, “ఇది బాగా కనిపిస్తోందా, ముందుదా?” అని అడగడం నా ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం చేత ఏదో ఒకటి ఎంచుకునేలా చేస్తాను. ఇంటికి రాగానే ఎంచుకోవడం నా వంతు. ఏ సబ్బు, ఏ డాక్టరు, ఏ చెప్పులు, వదినగారి పెళ్ళిరోజుకి ఏ బహుమతి, అత్తయ్య మోకాళ్ళకి ఏ నూనె. “నీ ఇష్టం” అంటారు అందరూ. వస్తువు ఇంట్లోకి వచ్చాక మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఇష్టం పుడుతుంది.

నాకు ఇంట్లో ఒక బిరుదు కూడా ఉంది. ఇన్‌స్పెక్టర్. మందు సీసా మీద తారీఖు చూస్తానని, పాలసీసా మూత వాసన చూస్తానని, పిల్లాడి చేతిలోకి ఏది వెళ్ళినా ముందు నేను లాగి, వంచి, గోకి చూస్తానని పెట్టిన పేరు. నేను పని నుంచి వచ్చి తలుపు తీస్తే చాలు, “అమ్మా, ఇన్‌స్పెక్టర్ గారొచ్చారు, లైసెన్సు తీసి పెట్టుకో” అంటారు మా ఆయన. అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. ఆ బిరుదు వల్ల జరిగినదేమిటో చాలా రోజులు నాకు తెలియలేదు. ఇంట్లో అందరూ నా దగ్గర చిన్న చిన్న విషయాలు దాచడం నేర్చుకున్నారు. పిల్లాడు మంచం మీంచి దొర్లి పడితే చెప్పరు. తేనె నాకించినా చెప్పరు. “దానికి చెబితే క్లాసు పీకుతుంది” అనుకుంటారు. ఆ మాట నా చెవిన పడిందని మాత్రం వాళ్ళకి తెలియదు.

సరే, రైలు. మధ్యాహ్నం భోజనం టైములో, అద్దాలు అరగదీసే మిషను పక్కన స్టూలు వేసుకుని, ఫోనులో రైళ్ళు చూసేదాన్ని. ఒక చేత్తో డబ్బాలో అన్నం, ఇంకో చేత్తో రైళ్ళు. మొదట అన్నీ ఒకలాగే కనిపించాయి. ముద్దుగా, రంగురంగులుగా, పక్కన నవ్వుతున్న పిల్లాడితో. తర్వాత తేడాలు తెలియడం మొదలైంది. పట్టాల ముక్కల్ని కలిపే మొన చెక్కదా, ప్లాస్టిక్‌దా? ప్లాస్టిక్‌దయితే తొక్కితే విరుగుతుంది, విరిగిన ముక్క నోట్లోకి వెళుతుంది. చక్రం ఇరుసుకి గట్టిగా ఉందా, గుంజితే వస్తుందా? రంగు చప్పరిస్తే పోతుందా? స్టేషను, సిగ్నలు, చిన్న చిన్న మనుషులు ఇస్తున్నారు, ఆ మనుషులు టిష్యూ చుట్టే అట్ట గొట్టంలోంచి జారిపోయేంత చిన్నవా? ఆ గొట్టంలో పట్టిందంటే అది పిల్లాడి గొంతులో కూడా పట్టినట్టే. ఇంట్లో ఒక గొట్టం దాచుకున్నాను. దానికి కూడా నవ్వారు.

అన్నిటికంటే పెద్ద తేడా పెట్టెల్ని కలిపే చోట ఉంది. కొన్నిటికి ముందూ వెనకా మాగ్నెట్లు. దగ్గరికి పెడితే చాలు, టక్కున అతుక్కుంటాయి, పిల్లలకి సులువు. కొన్నిటికి చెక్క కొక్కెం, తాడు ముడి. ఒకదాన్ని ఇంకోదానికి తగిలించాలి, అది కష్టం. నేను మాగ్నెట్లవే కొనబోయాను, నిజానికి. కొనే ముందు కింద జనం రాసినవి చదివాను. ఎవరో తల్లి రాసింది: “మాగ్నెట్ ఊడొచ్చింది. మా పాప చేతిలో ఉండగానే చూశాను కాబట్టి సరిపోయింది.” ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. చూశాను కాబట్టి సరిపోయింది. చూడకపోతే? మాగ్నెట్ చుట్టూ చెక్కతో గట్టిగా బిగించినవీ ఉంటాయి, ఒట్టి జిగురుతో అంటించినవీ ఉంటాయి. ఫొటోలో ఆ తేడా తెలియదు. నేనా, పగలంతా ఇంట్లో ఉండను.

ఒక రోజు షాపు నుంచి కాస్త ముందు బయలుదేరి, బొమ్మల దుకాణానికి వెళ్ళాను. దుకాణంవాడు నేనడిగినవన్నీ బల్ల మీద పెట్టాడు. నేను చక్రాలు గుంజుతుంటే, కొక్కేలు లాగుతుంటే, చేతులు కట్టుకుని చూశాడు.

“బాబుకెంత వయసు మేడం?”

“రెండు నిండుతాయి.”

“వాడికి అగ్గిపెట్టె ఇచ్చినా రైలే మేడం. తల్లులకే తేడాలన్నీ.”

“అగ్గిపెట్టె మింగడు కదా” అన్నాను. వాడు నవ్వలేదు. కొక్కెం ఉన్న రైలు, రంగు వేయని పట్టాలు, నీలం ఇంజను, వెనక పచ్చ పెట్టెలు. బస్సులో ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఎవరి మోచెయ్యీ తగలకుండా ఇంటికి తెచ్చాను.

పిల్లాడికి పిచ్చి ఇష్టం పుట్టింది. పట్టాలు గుండ్రంగా పరిస్తే బోర్లా పడుకుని, ఒక కన్ను నేలకి ఆనించి, చక్రాలు తన వైపు వస్తుంటే చూసేవాడు. చిక్కల్లా కొక్కెం దగ్గర. వాడికి తగిలించడం రాదు. మలుపులో పెట్టె ఊడిపోతుంది. ఊడిన పెట్టె తీసుకుని ఎవరు దగ్గరుంటే వాళ్ళ ఒళ్ళో పడేసి, “పెట్టు” అంటాడు.

“ఏం కొన్నావే ఇది!” అన్నారు మా ఆయన రెండో రోజే. “నిమిషానికోసారి ఊడుతుంది. మ్యాచ్ చూడనివ్వడం లేదు వెధవ. ఇన్ని రోజులు వెతికి వెతికి ఇదా నువ్వు పట్టింది?”

“తగిలించడం నేర్చుకుంటాడు. కొన్నాళ్ళు మనం పక్కన కూర్చోవాలి.”

“మనం అంటే?” అని నవ్వారు.

ఆ తర్వాత ఆయన ఇంకేమీ అనలేదు. ఆ వారం మా షాపులో కొత్త ఫ్రేముల సరుకు దిగింది. రోజూ ఇంటికి చేరేసరికి పొద్దుపోయేది. అప్పటికి అత్తయ్య బొమ్మలన్నీ బుట్టలో పోసి మూత పెట్టేసేవారు. “తగిలించుకుంటున్నాడా అత్తయ్యా?” అని అడిగితే, “బాగానే ఆడుతున్నాడమ్మాయ్, ఇప్పుడు గొడవే లేదు” అన్నారు. నేర్చుకున్నాడనుకున్నాను. పిల్లాడి వేళ్ళు ముద్దు పెట్టుకున్నాను. బుట్ట మూత తీసి చూడలేదు.

వాడు వాంతి చేసుకోవడం ఆ వారం చివర్లో మొదలైంది. “పళ్ళొస్తున్నాయేమో” అన్నారు అత్తయ్య. “పిల్లలన్నాక కక్కరా?” అన్నారు ఆయన. మర్నాడు సెలవు పెడతానని షాపు పెద్దాయనకి ఫోను చేశాను. “అమ్మా, నువ్వు పనిమంతురాలివే, కాదనను. కానీ పసిపిల్లల తల్లిని పెట్టుకుంటే ఎప్పుడు ఏ ఫోనొస్తుందో అని నాకు గుండె దడ” అన్నాడు ఆయన, ఎంతో ప్రేమగా. ఆ ప్రేమకి భయపడి వెళ్ళాను. చీకటి గదిలో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. నన్ను చూసి, “డాక్టరు గారు ఎప్పుడొస్తారమ్మా?” అన్నాడు. నేనే పరీక్ష చేస్తానంటే, సరిగ్గా చేస్తావా అన్నట్టు చూశాడు. ఆయన ముక్కు మీద ఫ్రేము పెట్టి మొదటి అద్దం వేశాను. అప్పుడు మోగింది ఫోను.

“అమ్మాయ్, పచ్చగా కక్కుతున్నాడు. పొట్ట ముట్టుకోనివ్వడం లేదు. వాణ్ణి చూస్తే నాకు భయంగా ఉంది.”

ఆ పెద్దమనిషిని అలాగే, ఫ్రేముతో, చీకట్లో వదిలేసి పరిగెత్తాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. మాట కత్తిలా ఉంది, చెయ్యి మాత్రం మెత్తన. పిల్లాడి పొట్ట నొక్కి చూసి, మా ఇద్దరి వైపు తిరిగింది. అప్పటికి మా ఆయన కూడా వచ్చేశారు.

“ఏదైనా మింగాడా? ఇంట్లో గుండీ బ్యాటరీలు, మాగ్నెట్లున్న బొమ్మలు, అలాంటివేమైనా ఉన్నాయా?”

“లేవు డాక్టర్” అన్నాను. తడుముకోలేదు. “నేను చూడనిది ఏదీ మా ఇంట్లో వాడి చేతికి వెళ్ళదు.”

ఆ మాటలో గర్వం ఉంది. అంత భయంలోనూ ఉంది. మా ఆయన నా పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నారు. గోడ మీద వేలాడేసిన బరువుల పట్టిక చదువుతున్నారు.

డాక్టరమ్మ నా మాట నమ్మి ఊరుకునే మనిషి కాదు కాబట్టి ఎక్స్‌రే తీయించింది. దాన్ని వెలుగుతున్న తెర మీద పెట్టింది. నా కొడుకు పక్కటెముకలు, చిన్న చిన్నవి, పక్షి పిల్లవిలా. వాటికి కింద రెండు తెల్లటి బిళ్ళలు, పక్కపక్కన, మధ్యలో సన్నటి సందుతో.

“ఇవేంటి మరి?” అంది డాక్టరమ్మ.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన డాక్టరమ్మ వైపు తిరిగారు.

“ఈ బొమ్మల సంగతులవీ అన్నీ తనే చూసుకుంటుంది డాక్టర్” అన్నారు.

ఒకటే మింగి ఉంటే దానంతట అదే పోయేదట. రెండూ విడివిడిగా మింగాడు. లోపల పేగులో చెరో చోట ఉండి, ఒకదాన్నొకటి లాక్కున్నాయి. మధ్యలో పేగు నలిగింది. వెంటనే కోయాలంది డాక్టరమ్మ. కోశారు. నలిగిన చోట చిల్లు పడబోతోందని, ఇంకొంచెం ఆలస్యమైతే లోపలంతా విషమయ్యేదని తర్వాత చెప్పింది. బతికాడు. వాణ్ణి బయటికి తెచ్చినప్పుడు పెదాలు తెల్లగా ఉన్నాయి. ఏడ్చే ఓపిక కూడా లేదు. నన్ను గుర్తుపట్టి, “పెట్టు” అన్నాడు. ఏం పెట్టాలో తెలియక నా వేలు వాడి అరచేతిలో పెట్టాను.

బట్టలకని ఇంటికి వెళ్ళినప్పుడు బుట్ట నేల మీద బోర్లించాను. నీలం ఇంజను, పచ్చ పెట్టెలు, వాటి మధ్య నేనెన్నడూ చూడని ఎర్ర పెట్టెలు. కొలత సరిగ్గా సరిపోయింది. అదే పట్టా మీద నడుస్తాయి. ఒకదానికి రెండు చివర్లా గుండ్రటి గుంటలు. గుంటల్లో ఎండిన జిగురు.

ఆసుపత్రి వరండాలో అడిగాను. “ఆ ఎర్రవి ఎక్కడివి?”

“నన్నడుగుతావేం?” అన్నారు ఆయన. “నువ్వే తెచ్చుంటావు. వందరకాలు చూశావు. ఏదో ఒకటి కొనేసి మర్చిపోయుంటావు. ఈ మధ్య నీకేం గుర్తుంటోంది చెప్పు? మొన్న గ్యాస్ మీద పాలు పెట్టి మర్చిపోలేదూ?”

మర్చిపోయాను. నిజమే. పాలు పొంగి పొయ్యంతా పారాయి.

ఫోనులో వెతికాను. నేను తెప్పించినట్టు ఎక్కడా లేదు. అయినా ఆయన మాట లోపలికి దిగిపోయింది. దుకాణంలో ఎర్రవి కూడా బల్ల మీద ఉన్నాయా? వాడు ఊరికే వేసిచ్చాడా? నేను సరేనన్నానా? ఆ డబ్బా విప్పింది ఎవరు? నేనేనా? ఆలోచించేకొద్దీ ఆ దుకాణం బల్ల మీద ఎర్ర రంగు కనబడసాగింది. షాపులో నా ముందు కుర్చీలో కూర్చున్నవాళ్ళు కొందరు అద్దాలు మార్చి మార్చి చూపించాక, ఇక ఏదీ తేల్చుకోలేక, “మీరేదంటే అదే” అంటారు. నేను అక్కడికొచ్చాను. నా జ్ఞాపకాన్ని నేను నమ్మడం మానేశాను. వాళ్ళు పెట్టిన బిరుదుని మాత్రం, నవ్వుతూ నవ్వుతూనే, ఇన్నాళ్ళూ నిజమని నమ్మాను. ఇంట్లో ఒక్కరైనా కళ్ళు తెరుచుకుని ఉన్నారు, అది నేను, అనుకున్నాను. ఆ ఒక్కదాని కళ్ళ ముందునుంచే ఆ బిళ్ళలు వెళ్ళి నా కొడుకు పొట్టలో పడ్డాయి.

వదిన వచ్చి, నా పక్కన బెంచీ మీద కూర్చుని, నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. మా ఆయనకి అక్క. “నిన్ననడం కాదు కానీ” అని మొదలుపెట్టింది. నన్ననడానికే వచ్చినప్పుడు ఆవిడ అలాగే మొదలుపెడుతుంది. “ఉద్యోగం ఇది కాకపోతే ఇంకోటి దొరుకుతుంది. పిల్లాడు పోయుంటే దొరికేవాడా? మా అమ్మ ముసలిది, ఆవిడకేం తెలుసు? తల్లన్నాక చూసుకోవద్దూ?”

“చూసుకోవాలి వదినా” అన్నాను. నేరం చేశాననే అనుకుంటున్నాను అప్పటికి. ఎప్పుడు చేశానో మాత్రం గుర్తులేదు.

పిల్లాణ్ణి ఇంటికి తెచ్చాం. కుట్లు లాగుతున్నాయని వాణ్ణి ఎత్తుకుని తిరుగుతున్నాను. మర్నాడు మధ్యాహ్నం షాపు పెద్దాయన ఫోను చేశాడు. పిల్లాడెలా ఉన్నాడని అడిగాడు. కులాసాగా ఉన్నాడని చెప్పాను.

“మంచిదమ్మా. నువ్వు తీసుకున్న నిర్ణయం సరైనదే. నేనేం అనుకోను. కొత్తమ్మాయి ఈ రోజే చేరింది. కాస్త నెమ్మది, నేర్చుకుంటుందిలే. నీ సామాను ఏదైనా ఉంటే ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్ళు.”

“ఏ నిర్ణయం అండీ?”

“అదేంటమ్మా. మీవారు ఫోను చేశారు కదా. మానేస్తానన్నావట. నాకు చెప్పడానికి నీకు మొహం చెల్లక ఆయన చేత చెప్పించావనుకున్నాను.”

నేనేం జవాబిచ్చానో గుర్తులేదు. ఫోను పెట్టేశాక కూడా దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను. నిజంగానే అన్నానా? ఏడుస్తూ ఎప్పుడైనా అన్నానేమో. రైలు పెట్టెలు కొని మర్చిపోయినదాన్ని, ఉద్యోగం మానేసి మర్చిపోయి ఉండలేనా?

వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్య సింకు దగ్గర పాలసీసాలు కడుగుతున్నారు. కడిగినదే కడుగుతున్నారు. నన్ను చూసి నీళ్ళు ఆపేశారు.

“నన్ను తిట్టు తల్లీ” అన్నారు. “నువ్వు తిట్టవేంటని నాలుగు రోజులుగా చూస్తున్నాను.”

“మిమ్మల్నెందుకు తిడతాను అత్తయ్యా?”

“ఆ బిళ్ళలు ఊడొస్తే అంటించింది నేనే. జిగురు పెట్టి నొక్కి, ఎండాక వాడికిచ్చాను. మళ్ళీ ఊడినట్టున్నాయి, నేను చూసుకోలేదు. నీకు చెబితే అరుస్తావని ఊరుకున్నాను. అయినా నాకేం భయం లేదనుకున్నాను తల్లీ, నువ్వు తెప్పించినవే కదా అని.”

పిల్లాడి తల నా భుజం మీద బరువుగా ఉంది. నిద్రపోతున్నాడు.

“నేను తెప్పించానని మీకెవరు చెప్పారు?”

“మావాడే. సంచిలోంచి తీసి చేతికిచ్చాడు. ఇవి ముందు అమ్మాయికి చూపించాలేమోరా అన్నాను. ‘ఇన్‌స్పెక్టర్ పాస్ చేసిందిలే అమ్మా, ఇవ్వు’ అన్నాడు.”

తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటానేమో అనుకుంటారు ఇది చదివేవాళ్ళు. లేదు. నేను మర్చిపోలేదని తెలిసిన క్షణంలో, మర్చిపోయి ఉంటేనే బాగుండేది అనిపించింది. అది నా తప్పయి ఉంటే, తప్పు చేసిన దాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు నా పక్కన భుజం తగిలేలా నిలబడి, బరువుల పట్టిక చదివిన మనిషి ఒకడున్నాడు. కొక్కెం తగిలించడానికి నడుం వంచాల్సొస్తోందని, మ్యాచ్ పోతోందని, ఆయన మాగ్నెట్లవి కొన్నాడు. నాతో వాదించి గెలవడం కష్టం కాబట్టి వాదించలేదు. నా పేరు వాడుకున్నాడు. ఆ ఇంట్లో నా మాటకి విలువ లేదని నేను ఇన్నాళ్ళూ ఏడ్చాను. విలువ ఉంది. వాళ్ళ అమ్మ చేతిలోంచి పిల్లాడి చేతిలోకి ఒక వస్తువు వెళ్ళాలంటే నా పేరు చాలు. ఎంత జాగ్రత్తగా ఉంటే నా పేరుకి అంత విలువ, ఎంత విలువ ఉంటే ఆయనకి అంత సులువు. నా జాగ్రత్తే ఆ బిళ్ళలకి పిల్లాడి పొట్టలోకి దారి చూపించింది.

“వాడితో నేనన్నానని అనకు” అన్నారు అత్తయ్య, నా మణికట్టు పట్టుకుని. చేతులు తడిగా, చల్లగా ఉన్నాయి. “నన్ను పెద్దాడి దగ్గరికి పంపేస్తాడు. అక్కడ నాకు పడుకోవడానికి గది కూడా లేదు. హాల్లో, వాళ్ళందరూ నిద్రపోయాక పక్క వేసుకోవాలి.”

ఎటు చూసినా దారి లేదు. నిజం చెబితే, జిగురు అంటించిన ముసలావిడ దగ్గర పిల్లాణ్ణి వదిలి ఎలా వెళతావు అంటారు, ఉద్యోగం మానెయ్యాలి. చెప్పకపోతే, బొమ్మ కొని మర్చిపోయిన తల్లివి, ఇంట్లో కూర్చుని కళ్ళు తెరుచుకుని చూసుకో అంటారు, ఉద్యోగం మానెయ్యాలి. రెండు అద్దాల్లోంచీ అదే అక్షరం. నేను ఏది ఎంచుకున్నా ఒకటే. ఎంచుకోవలసిన అవసరం కూడా లేకుండా ఆయన అప్పటికే ఫోను చేసేశాడు.

ముందుగదిలో మాటలు వినిపిస్తున్నాయి. వదిన, ఆవిడ భర్త పిల్లాణ్ణి చూడ్డానికి వచ్చారు. తలుపు దగ్గర ఆగాను.

“నేనేం బలవంతం పెట్టలేదు బావా” అంటున్నారు మా ఆయన. “తనే అంది. నా వల్లే ఇదంతా జరిగింది, ఇక వాణ్ణి వదిలి గడప దాటను అని ఒకటే ఏడుపు. సరే, నీ ఇష్టం అన్నాను.”

“మంచి మాట అంది” అన్నాడు వదిన భర్త. “ఇప్పటికైనా.”

నేను గదిలోకి వెళ్ళాను.

“నేను అనలేదు” అన్నాను.

అందరూ తలెత్తారు.

“ఉద్యోగం మానేస్తానని నేనెవరితోనూ అనలేదు. ఆ ఎర్ర పెట్టెలు నేను కొనలేదు. మీరు కొన్నారు. నేను చూశానని అత్తయ్యతో చెప్పి ఇప్పించారు.”

గొంతు మామూలుగానే వచ్చింది. అది నాకే ఆశ్చర్యం. మా ఆయన కోపం తెచ్చుకోలేదు. వెనక్కి వాలి, అక్క వైపు చూసి, చూశావా నా అవస్థ అన్నట్టు పెదవి విరిచారు. తర్వాత, నా వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డ అత్తయ్యని చూశారు.

“అమ్మా, నేను అలా అన్నానా నీతో?”

ఎంతో మెత్తగా అడిగారు. అత్తయ్య తడి చేతులు ఒకదాంతో ఒకటి తుడుచుకున్నారు. నా వైపు చూడలేదు.

“ఏమో నాయనా. నాకేం గుర్తులేదు.”

“అదీ సంగతి” అన్నారు ఆయన. “ఆసుపత్రిలో నిద్ర లేదు దానికి. పడుకుంటే సర్దుకుంటుంది. అక్కా, కాస్త దాన్ని లోపలికి తీసుకెళ్ళు.”

వదిన లేచింది. నాకు అత్తయ్య మీద కోపం రాలేదు. ఆ “గుర్తులేదు” నేను నాలుగు రోజులు నా నోటితో అన్నదే. ఆవిడ నలభై ఏళ్ళుగా అంటూ ఉండి ఉంటారు, ముందు మావయ్యతో, తర్వాత కొడుకుతో. ఇంకో నలభై ఏళ్ళకి ఎక్కడ నిలబడతానో నాకు అక్కడ, తలుపు పక్కన, తడి చేతులతో సహా కనిపించింది.

వదిన చెయ్యి నా భుజం మీద పడకముందే ముందుకి నడిచాను. కుట్ల మీద ఒత్తిడి పడకుండా, ఒక చెయ్యి మెడ కిందా ఒక చెయ్యి మోకాళ్ళ కిందా పెట్టి, పిల్లాణ్ణి మా ఆయన ఒళ్ళో పడుకోబెట్టాను. ఆయనకి ఎలా పట్టుకోవాలో తెలియలేదు. చేతులు గాల్లో పెట్టుకుని కూర్చున్నారు.

“లేస్తే పాలు పట్టండి. కుడివైపు తిప్పొద్దు” అని చెప్పి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాను.

“ఎక్కడికి?” అన్నారు.

“షాపుకి. మానేస్తానని నేను అనలేదని పెద్దాయనకి చెప్పాలి.”

“అక్కడ ఇంకో అమ్మాయిని పెట్టుకున్నారు. వెళ్ళి ఏం చేస్తావు?”

“తెలుసు” అన్నాను. “ఉద్యోగం కోసం కాదు. నా పేరు చెప్పి మీరు ఎవరెవరితో ఏమేం అన్నారో, ఒక్కొక్కరినీ అడిగి వస్తాను. షాపు నుంచి మొదలుపెడతాను. తర్వాత నా జీతం పడే బ్యాంకు, తర్వాత మా అమ్మ.”

ఆయన లేవబోయారు. ఒళ్ళో పిల్లాడున్నాడు, లేవలేకపోయారు. నవ్వుదామని చూశారు. నవ్వు రాలేదు. మెడ మీంచి రంగు దిగిపోవడం తలుపు దగ్గర నుంచి కూడా స్పష్టంగా కనిపించింది.

అంటే, నా పేరు చెప్పి అన్నవి ఇంకా ఉన్నాయన్నమాట.